తెర వెలుగు తగ్గింది, నేను తగ్గలేదు

తెనాలి,
ఆదివారం.

అమ్మకు విజయ నమస్కారాలు. ఇక్కడ నేనూ మీ అల్లుడూ కులాసా. రేపల్లెలో నువ్వూ నాన్నా అలాగే ఉన్నారనుకుంటున్నాను. ఫోన్‌లో అయితే నన్ను ఒక్క మాటా పూర్తి చెయ్యనివ్వవు, అందుకే రాస్తున్నాను.

నువ్వు పంపిన ఎండురొయ్యలు అందాయి. నాన్న కొత్త వల తెచ్చుకున్నారని రాశావు, సంతోషం. ఇక ప్రెస్సు పని మానేసి వచ్చెయ్యమన్నావు. దానికే ఈ జవాబు.

కంటి వాపు వచ్చిన దగ్గర్నుంచీ వెలుతురు పడితే నాకు సూదులు గుచ్చినట్టు ఉంటుందని నీకు తెలుసుగా. పుస్తకాలు టైపు చెయ్యడానికి ప్రెస్సులో నాకిచ్చిన ల్యాప్‌టాప్‌లో లినక్స్ అనే సిస్టమ్ ఉంటుంది. దాని తెర వెలుగు తగ్గేది కాదు. మీట నొక్కితే తెరమీద వెలుగు ఎంతుందో చూపే గీత తగ్గుతుంది, వెలుగు మాత్రం అంతే. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని టైపు చేస్తుంటే మా యజమాని నరసింహమూర్తిగారు చూశారు.

"తెర ముందు కూర్చోలేవు గదమ్మా. రేపట్నించి పుస్తకాలు కట్టలు కట్టు" అన్నారు.

ఒళ్లు మండింది. ఒక్కరోజు గడువడిగి ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్నాను. మొదట ఏదో కమాండ్ కొడితే అక్షరాలు మసకబారాయిగానీ, తెర వెనక దీపం అలాగే మండుతోంది. మీ అల్లుడు "పోనీలే" అన్నారు. నేను పోనివ్వలేదు. ఇదే బాధ పడ్డవాళ్లు నెట్‌లో రాసుకున్నవన్నీ చదివాను. సిస్టమ్ మొదలయ్యేటప్పుడు చదువుకునే ఫైల్లో ఒక్క మాట చేర్చాలట. చేర్చి, ఆపి, మళ్లీ ఆన్ చేశాను. మీట నొక్కితే వెలుగు పొద్దు వాలినట్టు మెల్లగా దిగింది!

మర్నాడు అందరి ముందూ చూపించాను. "ఇప్పుడు కూర్చోగలనండి."

ఆయన ఒప్పుకోలేదు. "ఆ ఉన్న ఒక్క కన్నూ పోతే పూచీ ఎవరిదమ్మా?"

"నాదేనండి. నా టైపులో తప్పుంటే చూపించండి. కన్ను సంగతి నేనూ డాక్టరుగారూ చూసుకుంటాం."

ఆయన కొత్త పుస్తకం కాగితాలు నా బల్లమీద పెట్టి వెళ్లిపోయారు.

ఒక్క కన్ను అన్నారు కదూ. అవునమ్మా. ఎడమ కంటి చూపు పోయింది. ఇక రాదని డాక్టరుగారు పోయిన నెలలోనే చెప్పారు. తెర చూస్తే కుడి కంటికి ముప్పేమీ లేదని, వెలుగు తగ్గించుకుంటే చాలని కూడా ఆయనే అన్నారు. తెలిస్తే ఆ రోజే వచ్చి నన్ను తీసుకుపోతావని నీకు చెప్పలేదు.

ఏడుపొస్తే ఏడ్చెయ్యి, నేనూ ఏడ్చాను. తర్వాత రైలెక్కి రా. నన్ను తీసుకెళ్లడానికి మాత్రం కాదు. నా బల్ల పక్కనే కుర్చీ వేయిస్తాను, నేను టైపు చేస్తుంటే చూద్దువుగాని.

ఇట్లు,
పని మానని నీ కూతురు
విజయ