నారింజ రంగు కోటు

ఒరేయ్ ఎమెట్,

చింపి పారేసేముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు. ఎరీ ఊళ్ళో మీ అత్త నీ ఫోన్ లాగేసుకుందట కదా, ఇక కోడి గీకినట్టుండే నా రాతే నీకు గతి.

నీ గురించి చెప్పింది నేనే. కేడ్ కాదు, మీ మామయ్య కాదు, నేను.

ఆదివారం నువ్వు ఆన్‌లైన్‌లో తుపాకీ ఫోటో పెట్టి, "నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వుకోండి, మంగళవారం నా వంతు" అని రాశావు. కింద అందరూ "పెద్ద కొమ్ములున్నదాన్ని కొట్టు బాబూ" అంటూ చప్పట్లు. జింకల వేట మొదలైందంటే మన ఊళ్ళో పాస్టర్ గారి భార్య కూడా తుపాకీతో ఫోటో పెడుతుంది, ఇక అనుమానం ఎవరికొస్తుంది? నాకూ రాలేదు, మా వంటింటి కుర్చీకి వేలాడుతున్న నీ నారింజ కోటు చూసేదాకా. "ఇక నాకెందుకులే, నువ్వుంచుకో" అని నాకిచ్చావు. జింకనుకుని ఎవరైనా కాల్చేస్తారని, ఆ రంగు ఒంటిమీద లేకుండా మనవాళ్ళెవరూ వేటకి అడవిలో అడుగు పెట్టరు. పైగా వేట కోసం బడికిచ్చిన సెలవు సోమవారం ఒక్కరోజే. మంగళవారం బడి తెరుస్తారు.

సోమవారం తెల్లారకముందే కోటు చంకలో పెట్టుకుని ప్రిన్సిపాల్ గారింటికి పరిగెత్తాను. ఆయనా వేటకి బయల్దేరుతున్నారు.

"సీజన్ కదమ్మా, పిల్లాడు గొప్పలు పోతున్నాడు," అని నవ్వేశారు.

"మరి ఈ కోటు నాకెందుకిచ్చేశాడు సార్?"

ఆయన తన ఒంటిమీదున్న కోటు వంక ఒకసారి చూసుకున్నారు. వెంటనే తుపాకీ లోపల పెట్టేసి, బళ్ళో పిల్లల బాధలు వినే కౌన్సిలర్ హోస్టెట్లర్ మేడమ్‌కీ, పోలీసాయనకీ ఫోన్ చేశారు.

నిన్ను ఈడ్చుకుపోతారని నేను ఏడుస్తుంటే మేడమ్, "వాడు రాసింది ఒక్కటే చూడం తల్లీ. వాడికేమైంది, చేతికందేలా ఏముంది, అన్నీ చూస్తాం," అంది. అప్పుడు చెప్పాను, మీ నాన్న పోయిన కొత్తలో నువ్వు లంచ్ గదిలో ఏడుస్తుంటే కేడ్ వీడియో తీసి బడంతా తిప్పాడని. పెద్దవాళ్ళలో ఒక్కరికీ తెలీదట!

నాతో ఇక మాట్లాడకపోయినా ఫర్వాలేదు. నువ్వున్నావు, అందరం ఉన్నాం, నాకదే చాలు. చాలదు, కానీ సరిపెట్టుకుంటాను.

నీ చాడీకోరు,
బ్రిన్

* * *

ఏయ్ బ్రిన్,

చాడీకోరు అని నువ్వే సంతకం పెట్టేస్తే నేను తిట్టడానికి ఏం మిగిలింది?

వాళ్ళొచ్చేసరికి తుపాకీ నా మంచం కిందే ఉంది. తూటాలు కూడా. నువ్వు భయపడింది నిజమే. మేడమ్ మొదట దాని గురించి అడగనేలేదు. "నీ కోటేదిరా?" అంది. నువ్వేనని తెలిసిపోయి ఒళ్ళు మండింది. తర్వాత ఆవిడ నేలమీద నా పక్కనే చతికిలబడి, "ఇప్పుడు చెప్పు, నేనెక్కడికీ వెళ్ళను," అంది. నాన్న పోయాక నాతో ఎవరూ ఆ మాట అనలేదు. ఏడుస్తూనే అంతా చెప్పేశాను.

ఇక్కడ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. తుపాకీలన్నీ మామయ్య తన ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి ఎక్కడుందో ఆయన చెప్పడు, నేనూ అడగను. కేడ్ వాళ్ళమ్మతో వచ్చి క్షమాపణ చెప్పాడు. వాడికన్నా ఆవిడే ఎక్కువ ఏడ్చింది పాపం.

క్రిస్మస్ అయ్యాక బడికి రమ్మన్నారు! రోజూ పొద్దున్నే మేడమ్‌ని కలిసి సంచి తెరిచి చూపించాలట. చూపిస్తాను. అందులో నీకోసం అత్త చేసిన గుమ్మడి కేకు ఉంటుంది, దార్లో నేను తినెయ్యకపోతే.

ఈ శనివారం ఊరికొస్తున్నాను. నాన్న కుక్కని వాగు దాకా నడిపించాలి. వేట ఇంకా అయిపోలేదు, అడవిలో ఎవరి గుండు ఎటు వస్తుందో తెలీదు. నాకేం కాకూడదు.

అందుకని, నా కోటు నాకిచ్చెయ్.

ఎమెట్