నక్షత్రం లేని ప్రశ్న

ఎర్రబండ గ్రామం,
చివ్వెంల మండలం,
సెప్టెంబరు 4, 2006.

మేనల్లుడు శ్రీహరికి,

నీ మామ బక్కయ్య దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, గొర్రెలు తప్ప. ఫోను చేయరాదా అంటావేమో. మా ఊళ్లో ఫోను గుట్టెక్కితేనే పలుకుతుంది. ఈ మోకాళ్లతో గుట్ట ఎక్కడం కంటే ఉత్తరం రాయడమే సుఖం. పైగా ఏడో తరగతి చదివి గొర్రెల పెంపకందార్ల సంఘానికి అధ్యక్షుణ్ని అయినవాణ్ని, రాయకపోతే ఆ చదువు ఎందుకు?

విషయం ఏమిటంటే, మూతివాపు రోగం మళ్లీ వచ్చింది. గొర్రెల మూతులు ఉబ్బి, నోట్లో పుండ్లు పడి, మేత ముట్టడం లేదు. పశువుల దవాఖాన ఊళ్లోనే ఉంది. దానికి మంచి తాళం కూడా ఉంది. డాక్టరే లేదు. కాగితం మీద మా డాక్టరైన కల్పన అనే ఆవిడను మిర్యాలగూడలో ఏదో ఆఫీసులో ఫైళ్ల పనికి కూర్చోబెట్టారట. మీ ఎమ్మెల్యే దేవదాసు సారు మొన్న ఊరికి వచ్చినప్పుడు నేనే వెంటబెట్టుకుపోయి ఆ తాళం చూపించాను. సారు దాన్ని చేత్తో పట్టుకుని చూసి, "సరే బక్కయ్యా, నేను చూస్తాను" అన్నారు.

నిన్న సూర్యాపేటలో హోటల్లో చాయ్ తాగుతుంటే తెలిసింది, సారు ఈ సంగతి మీద మంత్రిగారికి ప్రశ్న రాసిచ్చారట. "ఎర్రబండలో డాక్టరు లేరన్నది నిజమేనా?" అని. నాకు తల తిరిగింది. తాళం కళ్లారా చూసిన మనిషి, నిజమేనా అని ఇంకొకరిని అడగడం ఏమిటి? నాతో వచ్చిన మా ఊరి గౌరయ్య అయితే నలుగురిలో నవ్వాడు. "మీ సారు బడిపంతులు గదనే. రిటైరైనంక గూడ ప్రశ్నలడుగుడు మానలె. పక్కోళ్లు బల్లలు గుద్దుతుంటె ఈయన పరీక్ష పేపరు తయారు చేస్తున్నడు" అన్నాడు.

నా మంద నా కళ్లముందే నీరసించిపోతోంది. సారును ఆ ప్రశ్నలడగడం మానేసి, జర గట్టిగా చెప్పమను.

ఇట్లు,
మామ బక్కయ్య

తా.క. టీవీలో అసెంబ్లీ చూపించారు. అందరూ లేచి అరుస్తుంటే మీ సారు ఒక్కరే కూర్చుని రాసుకుంటున్నారు. మీ అత్త సైదమ్మ జాలిపడి, "పాపం, ఆయనకొక్కనికే హోంవర్కు ఇచ్చిండ్రా ఏంది" అని అడిగింది.

*

ఎమ్మెల్యే క్వార్టర్స్, హైదరాబాదు,
సెప్టెంబరు 8, 2006.

మామకు శ్రీహరి నమస్కారాలు. అత్తకు కూడా.

మామా, సారు దగ్గర పీఏగా చేరి రెండేళ్లయింది కాబట్టి చెబుతున్నాను. బళ్లో టీచరు ఎక్కం అడిగేది తనకు రాక కాదు కదా. ఎదుటివాడి నోటితో చెప్పించడానికి. ఇదీ అంతే. ఎమ్మెల్యే ప్రశ్న రాసిస్తే మంత్రి సభకు రాసి జవాబివ్వాల్సిందే, తప్పించుకోవడానికి లేదు.

సారు సంగతి మీకు తెలియదు. తెల్లారకముందే లేచి, ఊళ్లనుంచి వచ్చిన అర్జీలన్నీ ముందేసుకుని కూర్చుంటారు. ఒక్కో అర్జీని ప్రశ్నగా మారుస్తారు. (ఎ) ఇది నిజమేనా? (బి) నిజమైతే ఎప్పటిలోగా సరిచేస్తారు? (సి) చేయకపోతే కారణాలేమిటి? అంతే. ఒక్క తిట్టు ఉండదు, ఒక్క పొగడ్త ఉండదు. చిత్తుప్రతి రాసేటప్పుడు నేను ఆవేశంలో "ఘోరమైన" అని ఒక మాట చేరిస్తే ఎర్ర సిరాతో కొట్టేశారు. అటువంటి మనిషి దగ్గర పనిచేయడం నా అదృష్టం అనుకుంటాను. ఈ మాట ఆయన ముందు అంటే అదీ కొట్టేస్తారు.

ప్రశ్నల్లో రెండు రకాలున్నాయి. పక్కన నక్షత్రం గుర్తు ఉంటే మంత్రి సభలో లేచి నోటితో చెప్పాలి. అది లేకపోతే కాగితం మీద జవాబు వస్తుంది. మనది నక్షత్రం లేనిది. ఓపిక పట్టండి.

మీ మేనల్లుడు,
శ్రీహరి

తా.క. హోంవర్కు మాట సారుకు చెప్పాను. "మీ అత్తగారు సరిగ్గానే కనిపెట్టారు" అన్నారు. నవ్వారో లేదో మీసాల వల్ల తెలియలేదు.

*

ఎర్రబండ,
సెప్టెంబరు 17, 2006.

శ్రీహరికి మామ ఆశీస్సులు.

అల్లుడూ, మీ సారును నేను తక్కువ అంచనా వేశాను. ఆ ప్రశ్నలో ఏం మందు పెట్టారోగానీ, జవాబు రాకముందే జీపు వచ్చింది.

మంగళవారం పొద్దున ఇద్దరు ఆఫీసర్లు దిగారు. "అసెంబ్లీ ప్రశ్న, అసెంబ్లీ ప్రశ్న" అంటూ ఒకటే పరేషాన్. తాళానికి కిరోసిన్ పోసి తెరిచారు. గోడలకు సున్నం, బోర్డుకు రంగు. మా దవాఖాన బోర్డు పచ్చరంగులో ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. తరువాత జీపులోంచి డాక్టరు కల్పనమ్మను దించి, మెడలో స్టెతస్కోపు వేయించి, గుమ్మం ముందు నిలబెట్టి ఫొటో తీశారు. ఇక అందరూ జీపెక్కబోతున్నారు. అదే అదనుగా మీ అత్త పోయి మా పొట్టేలును డాక్టరమ్మ చేతుల్లో పెట్టింది. ఎంతైనా డాక్టరు కదా, మూతి చూసింది, ఆగలేకపోయింది. పొటాషియం నీళ్లతో పుండ్లు కడిగి, సూదివేసి, జావ తాగించమంది.

మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది, నీకు గుర్తుందో లేదో. గొర్రెకు మందుపోసిన మనిషి, ఆ గొర్రె మళ్లీ మేత ముట్టేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. దాటితే మందు పనిచేయదంటారు. ఈ మాట మేం మర్యాదగానే డాక్టరమ్మకు చెప్పాం. "మావయ్యా, ఇదెక్కడి రూలండీ, నేను కోదాడ పిల్లనే, ఎప్పుడూ వినలేదే" అంది. ఆఫీసర్లకు సాయంత్రంలోగా రిపోర్టు పంపాలని తొందర, ఆవిడను వదిలేసి వెళ్లిపోయారు.

పొట్టేలు మర్నాడే మేత ముట్టింది. కానీ ఆలోగా గౌరయ్య తన గొర్రెను తెచ్చాడు. అది ముట్టేలోగా ఇంకొకరు తెచ్చారు. అలా ఎప్పుడు చూసినా మేత ముట్టని గొర్రె ఒకటి ఉంటూనే ఉంది. డాక్టరమ్మ ప్రస్తుతం మా పక్కింటి మంగమ్మ దగ్గర ఉంటోంది.

ఇప్పుడు నా భయం ఒక్కటే. ప్రశ్న ఉన్నంతవరకే ఈ జోరు. జవాబు రాగానే ఇక ఖతం, డాక్టరమ్మను మళ్లీ ఫైళ్ల దగ్గరికి తీసుకుపోతారు. కాబట్టి మంత్రిగారు జవాబు ఇవ్వకుండా సారు ఎలాగైనా ఆపాలి.

ఇట్లు,
మామ

తా.క. నక్షత్రం లేని ప్రశ్నకే ఒక జీపు దిగింది. నక్షత్రం ఉన్నది వాడొద్దని సారుకు చెప్పు. అంతమందికి వండిపెట్టే ఓపిక మీ అత్తకు లేదు.

*

ఎమ్మెల్యే క్వార్టర్స్,
సెప్టెంబరు 22, 2006.

మామకు,

నమస్కారాలు. కోపంతో రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

జవాబు వచ్చింది. "(ఎ) లేదండి. సదరు పశువైద్యశాలలో డాక్టరు విధులు నిర్వహిస్తున్నారు. (బి), (సి) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు." కింద మంత్రిగారి సంతకం, వెనక మీ కల్పనమ్మ ఫొటో. లాబీలో అవతలి పార్టీ వాళ్లు సారును చూసి, "పంతులుగారు సిలబస్‌లో లేని ప్రశ్న అడిగారు" అని నవ్వారు. ఒక పత్రిక అయితే "అబద్ధపు ప్రశ్నతో సభా సమయం వృథా" అని రాసింది. జీవితంలో పిల్లలచేత కూడా అబద్ధం ఆడించని మనిషి, మామా. ఆయన మాత్రం ఆ పత్రిక మడిచి పక్కన పెట్టి ఇంకో అర్జీ తీశారు. నాకు ఏడుపొచ్చింది.

ఊరుకునేది లేదు. ఇన్నేళ్లూ డాక్టరు లేరనీ, ఫొటో కోసమే తెచ్చారనీ ఊరంతా సంతకాలు చేసి పంపండి. మంత్రి సభకు తప్పుడు సమాధానం ఇచ్చారని సభాహక్కుల నోటీసు ఇస్తాం. నోటీసు నేనే రాసి సిద్ధంగా పెట్టాను.

ఇంకొకటి. మీ డాక్టరమ్మ తిరిగి రాలేదని మిర్యాలగూడ ఆఫీసులో గోల. ఊరివాళ్లు నిర్బంధించారని ఇక్కడిదాకా వార్త వచ్చింది. పోలీసులు వచ్చేలోపు ఆవిణ్ని బస్సెక్కించండి. అప్పుడు దవాఖాన మళ్లీ ఖాళీ అవుతుంది, మన నోటీసుకు బలం వస్తుంది.

శ్రీహరి

తా.క. ఈ నోటీసులో "ఘోరమైన" అని మూడుసార్లు వాడాను. ఈసారి సారు కొట్టేసినా వినను.

*

ఎర్రబండ,
సెప్టెంబరు 28, 2006.

శ్రీహరికి,

నీ ఉత్తరం సంఘం ముందు చదివి వినిపించాను.

ముందు నిర్బంధం సంగతి. అడ్డగించారా అని పోలీసాయన వచ్చి అడిగితే డాక్టరమ్మే జవాబు చెప్పింది. "నాలుగేళ్లుగా ఫైళ్లు తిప్పుతున్నానండీ. ఒక్క ఫైలూ కోలుకుని లేచి గడ్డి తినలేదు. ఇక్కడ పొద్దున లేచేసరికి నాలుగు గొర్రెలు గడ్డి తింటూ కనిపిస్తున్నాయి. నేనెందుకు వెళ్తానండీ" అంది. పోలీసాయన ఇంటికి పోయి తన బర్రెను పట్టుకొచ్చాడు.

ఇక సంతకాల సంగతి. అల్లుడూ, నాకు ముద్ద దిగడం లేదు. డాక్టరు లేరని రాసిస్తే సారు పరువు నిలబడుతుంది, కానీ డాక్టరమ్మ పోతుంది, వెనకే మందలూ పోతాయి. రాయకపోతే మందలు బతుకుతాయి, మాకోసం అడిగిన మనిషి అబద్ధాలకోరు అవుతాడు. గౌరయ్య, అదే ఆరోజు నవ్విన గౌరయ్య, అందరికంటే ముందు లేచాడు. "గొర్రెలు మళ్ల పుడతయి. గసొంటి సారు మళ్ల పుట్టడు. నేను సంతకం పెడ్త" అన్నాడు. మీ అత్త, "పెట్టుండ్రి, గని అబద్ధం రాయకుండ్రి. ప్రశ్న అడగకముందు లేదు, అడిగినంక వచ్చిందని రాయుండ్రి" అంది.

అలాగే రాసి, అందరం సంతకాలు చేసి, ఈ కవరులోనే పెట్టాను. వాడుకోవాలో వద్దో సారు ఇష్టం. ఆయన ఏది చేసినా మాకు సమ్మతమే. హోటల్లో ఆ నవ్వు విని నేను ఊరుకున్నందుకు మాత్రం సిగ్గుపడుతున్నానని చెప్పు.

ఇట్లు,
బక్కయ్య

తా.క. సంతకాల కాగితం మీద డాక్టరమ్మ కూడా సంతకం చేస్తానంది. నువ్వు మా సాక్షివి కావమ్మా, మేం దాచుకున్న సొత్తువి అని చెప్పి ఆపాం.

*

హైదరాబాదు,
అక్టోబరు 3, 2006.

శ్రీ బక్కయ్యగారికి, దేవదాసు నమస్కరిస్తూ రాస్తున్నది.

శ్రీహరిని పనిమీద సూర్యాపేట పంపి నేనే ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ సంతకాల కాగితం అందింది. చదువుతుంటే కళ్లు చెమర్చాయి. దాన్ని సభకు పంపడం లేదు. నోటీసు కూడా పంపడం లేదు.

జవాబు వస్తే డాక్టరమ్మ వెళ్లిపోతుందని మీరు భయపడ్డారు. నేను ఎదురుచూసింది ఆ జవాబు కోసమే. ఎర్రబండలో డాక్టరు పనిచేస్తున్నారని మంత్రిగారు శాసనసభకు రాసిచ్చారు. ఇక ఆవిణ్ని మిర్యాలగూడకు తీసుకుపోతే మంత్రిగారి మాటే తప్పవుతుంది. ఏ ఆఫీసరూ ఆ సాహసం చేయడు. ఆ జవాబు తప్పని మనమే నిరూపిస్తే, వాళ్లు తప్పు ఒప్పుకుని, ఆవిణ్ని హాయిగా వెనక్కి తీసుకుపోతారు.

నేను ఎమ్మెల్యే అయిన మొదటి ఏడాది నా ప్రశ్నలన్నిటికీ "అవునండి, పరిశీలనలో ఉంది" అని వచ్చేది. అందరూ మెచ్చుకునేవారు. ఏ తాళమూ తెరుచుకునేది కాదు. తరువాత అర్థమైంది. "లేదండి, అది నిజం కాదు" అని జవాబు వచ్చిన చోటల్లా, ఆ కాగితం ఇక్కడినుంచి అక్కడికి వెళ్లి వచ్చేలోగా ఎవరో పరుగెత్తుకెళ్లి పని పూర్తిచేసి, నా ప్రశ్నను అబద్ధం చేసి వస్తున్నారు. అప్పటినుంచి అబద్ధం కావాలనే ప్రశ్నలు రాస్తున్నాను. మంత్రిగారికీ ఇది తెలుసనుకుంటాను. మొన్న లాబీలో పక్కకు పిలిచి, "మాస్టారూ, మళ్లీ మిమ్మల్ని ఓడించాను" అని నెమ్మదిగా అన్నారు. ఇద్దరం చాయ్ తాగాం.

హోటల్లో నవ్వు విన్నందుకు మీరు సిగ్గుపడక్కర్లేదు. నాకు మీరు చేయవలసిన సాయం ఒకటే ఉంది. పత్రికలవాళ్లు మీ ఊరు వస్తారు, డాక్టరు ఉన్నారా అని అడుగుతారు. ఉన్నారనీ, మా ఎమ్మెల్యే రాసిందే తప్పనీ ఊరంతా గట్టిగా చెప్పండి. ఆవిడ అక్కడ ఉన్నంతకాలం నన్ను ఎవరు ఏమన్నా నాకు అది సన్మానమే.

మీ,
దేవదాసు

తా.క. ఈ సంగతి శ్రీహరికి చెప్పకండి. నిజంగా కోపం వచ్చినప్పుడే అతను ప్రశ్నలు బాగా రాస్తాడు. ఇంకా చాలా ఊళ్లున్నాయి.