ఎదుటి పక్షం

2006 సెప్టెంబర్ 18, పుంగనూరు

ఈ రోజు కూడా మధ్యాహ్నానికే అంగడికి తాళం. మా ఆయన దొరస్వామి ముళబాగల్ బస్సెక్కేశాడు. దీపావళి సీజన్లో గుడ్డలంగడి షట్టర్ దించితే బజారు ఏమనుకుంటుందో అదే అనుకుంటోంది.

ముళబాగల్ కర్ణాటక. అక్కడ ఆన్‌లైన్ లాటరీ అంగళ్లు ఉన్నాయి. నంబర్లు చెబితే మిషన్ చీటీ ఇస్తుంది. డ్రా టీవీలో వస్తుంది. మన పక్క లేవు కాబట్టి బార్డర్ దాటతాడు. నేనేమన్నా అంటే, ఆడ గవర్నమెంటే పర్మిషన్ ఇచ్చిండాది, అది జూదమెట్లయితాది కమలా అంటాడు.

మా అత్త రాములమ్మ, వాడు సిన్నప్పుడు తిరునాళ్లలో కూడా గుర్రం బొమ్మ మీద డబ్బులు పెట్టేటోడు, నువ్వేం సేస్తావులే అంది. ఓదార్పో తీర్పో తెలియలేదు.

అక్టోబర్ 6

మా అమ్మాయి యమునకు వక్తృత్వ పోటీ. నవంబర్‌లో మదనపల్లెలో. కుప్పం స్కూళ్లు కూడా వస్తాయట. ఆన్‌లైన్ లాటరీలను, ఇంటర్నెట్ జూదాన్ని ప్రభుత్వం నిషేధించాలా వద్దా, అదీ టాపిక్. ఎవరు ఏ పక్షమో చీటీ తీస్తే దీనికి 'వద్దు' వచ్చింది.

ముఖం మాడ్చుకుని వచ్చింది. వాళ్ల నాయన ముఖం మాత్రం వెలిగింది.

అక్టోబర్ 11

ఈ వారం ఆయన ముళబాగల్ పోలేదు. సాయంత్రం కాగానే వసారాలో తండ్రీ కూతుళ్లు కూర్చుంటున్నారు. ఎంత బాగా చెబుతాడో. ఒక రాష్ట్రం మూస్తే పక్క రాష్ట్రానికి పోతారు. కనపడేది మూస్తే కనపడనిది తెరుచుకుంటాది. వచ్చే పన్నుతో బడులు కట్టొచ్చు గదా. ఉన్నోడు షేర్లు కొంటే తెలివి, లేనోడు లాటరీ కొంటే నేరమా, ఇట్లా అడుగు పాపా అన్నాడు. చెయ్యి యాడ ఎత్తాల, యాడ ఆగాల, అన్నీ చూపించాడు.

పెళ్లయిన కొత్తలో చీరలు పరిచి చూపించేటప్పుడు ఇట్లాగే మాట్లాడేవాడు దొరస్వామి. కొనకుండా ఒక్కరూ పోయేవాళ్లు కాదు.

నవ్వులు వినిపిస్తుంటే నేను వంటింట్లో దోసె మాడ్చాను.

అక్టోబర్ 15

యమున ప్రాక్టీసుకు నన్ను ఎదుటి పక్షంగా నిలబెట్టింది. అమ్మా నువ్వు నిషేధించాల అని మాట్లాడు, నేను జవాబు చెప్తా అంది.

సరే అన్నాను. ఏం చెప్పాలో ముందు తెలియలేదు. తర్వాత ఆగలేదు. పండగ ముందర మూసిన అంగడి గురించి చెప్పాను. కొత్త సరుకు రాలేదు, అడిగి అడిగి కస్టమర్లు పక్కంగడికి పోయారు అని చెప్పాను. భోజనం చేస్తూ కూడా నంబర్లు గొణిగే మనిషి పక్కన కూర్చుంటే ఎట్లుంటుందో చెప్పాను. ఆ మిషన్ మూస్తే నా ఇల్లు నాకు తిరిగి వస్తుంది అన్నాను.

యమున తల దించుకుంది.

ఆయన, అది పాయింట్ కాదు కమలా, ఏడుపు, ఏడుపుకు మార్కులు ఎయ్యరు అన్నాడు. కోపంగా కాదు. మెల్లగా, నేర్పిస్తున్నట్టే.

నవంబర్ 14, మదనపల్లె

యమునకు ఫస్ట్ ప్రైజ్.

ఆయన మాటలు, ఆయన ఆగే చోట్లు, ఆయన చెయ్యి. హాలంతా చప్పట్లు. నిషేధించాలి అన్న కుప్పం పిల్ల ఒకటి మధ్యలో మరిచిపోయి ఏడుస్తూ దిగింది. నాకు లేచిపోయి ఆ పిల్లను పట్టుకోవాలనిపించింది. లేవలేదు.

జడ్జీగా వచ్చిన లాయరు యమునతో, ఇవన్నీ ఎవరు నేర్పించినారమ్మా అన్నాడు. మా నాయన అంది. లాయరు ఆయనకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

2007 జనవరి 9

నా బంగారు గాజులు బజార్లో ఎక్కడో జారిపోయాయని రాద్దామనుకున్నాను. ఆయన ముళబాగల్ పోయిన రోజే గాజులు ఇంట్లోంచే పోయాయి.

ఏప్రిల్ 2

కర్ణాటకలో లాటరీ బంద్. ఆన్‌లైన్ కూడా. నిన్నటి నుంచి. పేపర్‌లో చూసి వీధి వాకిట్లోనే కూర్చుండిపోయాను. ప్రభుత్వం ఒకటి నా మాట విన్నట్టుంది.

ఏప్రిల్ 20

రోజూ అంగడి తీస్తున్నాడు. అరువు మీద కొంచెం సరుకు తెచ్చాడు. నిన్న ఎవరో పెళ్లి బట్టలకు వచ్చారంటే ఈ రోజు పూర్ణం పెట్టి ఓళిగలు చేశాను. రెండు ఎక్కువే తిన్నాడు. అత్త, దిష్టి తగలతాది, అంతగా సంతోషపడొద్దు అంది.

మే నెల. తేదీ చూడలేదు

టెన్త్ రిజల్ట్స్. యమున ఫ్రెండ్‌తో మదనపల్లె నెట్ సెంటర్‌కు పోయింది. ఆయన సరుకుకు తిరుపతి పోతానని పొద్దున్నే బయల్దేరాడు.

పక్క క్యాబిన్‌లో ఆయనే ఉన్నాడట. స్క్రీన్ మీద పేక ముక్కలు. యమునను చూసి దాచుకోలేదట. రా పాపా అని కుర్చీ జరిపాడట. ఇది ఫారిన్ కంపెనీ, దీన్ని ఏ గవర్నమెంటూ మూయలేదు, సెంటర్ ఓనరుకు డబ్బులిచ్చి పాయింట్లు కొంటే సాలు, ఆడుకోవచ్చు అన్నాడట.

వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది. నేను ఆ పోటీలో చెప్పిందే జరిగిందమ్మా అంది.

మార్కులు అడగడం మరిచిపోయాను. అది కూడా చెప్పలేదు.

జులై 30

మదనపల్లె నెట్ సెంటర్లకు పోలీసులు కొత్త రూల్ పెట్టారట. గుర్తింపు కార్డు చూపించి, రిజిస్టర్‌లో పేరు రాసి కూర్చోవాలి. జూదం ఆడితే కేసు.

ఆయన రేషన్ కార్డు అడిగి తీసుకుపోయాడు.

అక్టోబర్ 3

అంగడి బోర్డు దించేశారు. బీరువాలు పక్కంగడాయన తీసుకున్నాడు. అత్త కురబలకోటలో కూతురి దగ్గరికి పోయింది. బస్సెక్కుతూ నా చెయ్యి పట్టుకుంది గానీ కొడుకు వైపు చూడలేదు.

2008 ఫిబ్రవరి 11, కుప్పం

మా అన్న చెంగల్రాయుడు మమ్మల్ని ఈ ఊరికి పిలిపించి ఆయన్ను గ్రానైట్ పాలిష్ యూనిట్లో లెక్కలు రాసే పనికి పెట్టించాడు. ఈడ నెట్ సెంటర్లు తక్కువ, బాగుపడతాడులేమ్మా అన్నాడు. బస్టాండు దగ్గర ఒకటి ఉందని ఆయనే చెప్పాడు నాకు. ఆయనకు దాచే అలవాటు పోయింది. నాకు అడిగే అలవాటు పోయింది.

యమున ఇంటర్. కాలేజీలో డిబేట్ పెడితే పేరు ఇవ్వలేదట. ఎందుకు అంటే, ఏ పక్క మాట్లాడినా నాయన గొంతే వస్తాదమ్మా అంది.

ఏప్రిల్ 17

పొద్దున్నుంచి ఊరంతా కరెంటు లేదు. లైన్లు రిపేరట. యూనిట్‌కు సెలవు. ఆయన ఇంట్లోనే ఉన్నాడు. చిక్కుడుకాయల ఈనెలు తీసి పెట్టాడు. యమునకు విసనకర్రతో విసిరాడు. కరెంటు రాకూడదు రాకూడదు అని లోపల అనుకుంటూనే ఉన్నాను.

సాయంత్రం ఫ్యాన్ తిరిగింది. ఆయన చెప్పులు వేసుకున్నాడు.