పులుసు డబ్బా

డ్యామ్ కాలనీ

ప్రియమైన మహేశ్వరికి,

ఎట్లున్నావే? మీ రేవులో సిగ్నల్ ఉండదు, ఫోన్ చేస్తే సగం మాటకే తెగిపోతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నా. మాచర్ల బస్సు కండక్టర్ సయీదా చేతికి చేపల పులుసు డబ్బా ఇచ్చాను. మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుంది.

మొన్న గేట్లు మూయగానే డ్యామ్ కింద రాళ్ల గుంటల్లో చేపలే చేపలు. వలా వద్దు, గాలమూ వద్దు, చేత్తో ఏరుకోవడమే. కాలనీ అంతా జాతరలా ఉంది. గేట్లు తిప్పేది మా ఆయన రాజీవే కదా, మాకు పెద్ద బుట్టే వచ్చింది. హాస్టల్లో ఒక్క ముక్క కోసం జుట్లు పట్టుకున్నాం, గుర్తుందా? ఇప్పుడు కడుపునిండా తిను.

నీ వాసంతి

గుండ్లరేవు

ప్రియమైన వాసంతికి,

డబ్బా అందింది. మూత తీసి మళ్లీ మూసేశాను. ముక్క ముక్కకీ గుడ్లే. డబ్బా అట్లాగే సయీదా చేతికే తిరిగి ఇచ్చి పంపుతున్నా.

కోపం తెచ్చుకోకుండా విను. నీళ్లు వదిలితే చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతాయి. గేట్లు కొద్దికొద్దిగా దించితే తగ్గే నీటితో పాటే మళ్లీ ఏట్లోకి దిగిపోతాయి. ఒక్కసారిగా మూస్తే గుంటల్లో చిక్కి నోళ్లు తెరుచుకుని చస్తాయి. అది మీకు జాతర. మాకు ఇక్కడ వలకు నాచు తప్ప ఏమీ తగలడం లేదు. మా ఆయన తిరుపతిరావు వేటకెళ్లే పుట్టి పడవ అమ్మేసి పిడుగురాళ్ల సున్నం బట్టీలకు పోతానంటున్నాడు. ఆయన దగ్గుకి ఆ దుమ్ములో ఎన్నాళ్లు బతుకుతాడు? ఇంకొక్క వరద చూద్దామని ఆపాను.

మీ ఆయనకు చెప్పవే, మెల్లగా దించమని.

నీ మహేశ్వరి

డ్యామ్ కాలనీ

ప్రియమైన మహేశ్వరికి,

చెప్పాను. “పైనుంచి ఫోనొస్తే మూయటమే, నా చేతిలో ఏముంది?” అన్నాడు. ఈసారి అడిగి చూస్తానన్నాడులే. మనిషి చెడ్డవాడు కాదు. పుట్టి అమ్మనివ్వకు.

నీ వాసంతి

గుండ్లరేవు

వాసంతికి,

నిన్న మళ్లీ ఒక్కసారిగానే మూశారు. బతికున్నవాటిని ఏట్లో వదులుదామని మా ఆయన బకెట్ తీసుకుని అక్కడికి వచ్చాడు. నీళ్లు తగ్గకముందే మీ కాలనీ వాళ్లు బుట్టలతో కూర్చుని ఉన్నారట. వాళ్లకు ముందే ఎట్లా తెలిసింది? గట్టు మీద నిలబడి మీ ఆయన, “ఆ పెద్దవి ఇటెయ్యండ్రా” అంటున్నాడట. తూ.

పున్నమికి పుట్టి కొనేవాడు వస్తాడు. నేనింక ఆపను.

మహేశ్వరి

డ్యామ్ కాలనీ

ప్రియమైన మహేశ్వరికి,

నీ ఉత్తరం చదివి ఆయన్ని నిలదీశాను. చేప ముళ్లు ఏరుకుంటూ చెప్పాడు: “ఆర్డర్లో మెల్లగా దించమనే ఉందే. రోజంతా పడతది. మా డ్యామ్ ఇంజనీరు పెద్దసారు చుట్టాలొస్తున్నారు, చేపలు కావాలన్నాడు. చేపలు పోయి కేసేస్తాయా ఏంది?” నా చేతి వంట తింటూనే అన్నాడు. అసహ్యమేసింది, ఆయన మీదా, వండిన నా చేతుల మీదా.

నా పులుసంటే ఇష్టమని సారూ చుట్టాలూ మా ఇంటికే భోజనానికి వచ్చారు. నేను పొయ్యి వెలిగించలేదు. గుడ్ల చేప కడుపు చీల్చి, పచ్చిదే సారు విస్తట్లో పెట్టాను. “తినండి సార్, కింది రేవోళ్ల వచ్చే ఏడాది చేపలు కూడా ఇందులోనే ఉన్నాయి” అన్నాను. ఆయన భార్య ముక్కు మూసుకుని లేచింది. సారు విస్తరి పక్కకు నెట్టి ఆమె వెనకే వెళ్లిపోయాడు.

ఆ సంగతి కాలనీ దాటి మాచర్ల దాకా పాకింది. సారుకి భయమో సిగ్గో తెలియదు గానీ, నిన్న గేట్లు దించడానికి పొద్దుటి నుంచి దీపాలవేళ దాకా పట్టింది. బుట్టలవాళ్లు చూసి చూసి ఖాళీగా పోయారు. మా ఆయన నాతో మాట్లాడటం లేదు. నాకూ ఆ గొంతు వినబుద్ధి కావట్లేదు.

ఎల్లుండే పున్నమి. పుట్టి అమ్మనివ్వకు. డబ్బా బాగా తోమి ఖాళీగా పంపుతున్నా. ఆ పుట్టిలో మీ ఆయన పట్టిన చేప ఒక్కటి వేసి పంపితే తింటా. లేదంటే డబ్బా నీ దగ్గరే ఉంచుకో.

నీ వాసంతి