ఎర్ర పేలికల దారి

నేను, వృత్తిరీత్యా దర్జీని, వీధిలో అందరూ ‘కొండ టైలరు’ అని పిలిచేవాణ్ని, పూర్తి తెలివిలో ఉండి, స్థిరచిత్తంతో, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. మోకాళ్లు మాత్రం స్థిరంగా లేవని కూడా చేర్చమంటే, చట్టానికి బుర్ర ఒక్కటి చాలన్నాడు ప్లీడరు.

1. షాపూ, కుట్టు మిషనూ, పెద్ద కత్తెరా నా కూతురికి. ఆ కత్తెరతో కాగితం కత్తిరించిన మరుక్షణం ఈ క్లాజు రద్దు. పాల ప్యాకెట్టు కూడా కాగితం కిందే లెక్క.

2. ఇక కొండలు. అవి నీవి కావు కదా, ఎలా రాసిస్తావని ప్లీడరు తల పట్టుకున్నాడు. నిజమే. అందుకని కొండల్ని ఎక్కడివక్కడే ఉంచి, వాటి మీద నా నడకల్ని మాత్రమే రాసిస్తున్నాను.

రాళ్లగుట్ట నడక మా అల్లుడికి. మొదటిసారి కొత్త బూట్లు వేసుకొచ్చి, ఇదీ ఒక గుట్టేనా మావయ్యా అన్నాడు. దిగేటప్పుడు సగం దూరం కూర్చునే దిగాడు. ప్యాంటు వెనక భాగం గుట్టకే సమర్పించుకున్నాడు. బండ చాటున టవలు చుట్టుకుని నిలబడితే, నేను అక్కడికక్కడే మాసిక వేశాను. సదరు ప్యాంటు తొడుక్కుని ఏడాదికోసారి ఆ గుట్ట ఎక్కాలి. పొట్ట అడ్డొస్తోందనే సాకు చెల్లదు. నడుము దగ్గర వదులు చేసే పెట్టాను.

3. తాబేలుకొండ నడక మనవరాలికి. అక్కడే గట్టి బిస్కెట్టు కొరికి తొలి పాలపన్ను పోగొట్టుకుంది. వంగి వెతికితే నాకు నడుం పట్టేసింది గానీ పన్ను దొరకలేదు. అది ఎప్పుడు దొరికినా దాని మీద సర్వహక్కులూ ఆ పిల్లవే. ఆ రోజు కిందికి దిగేదాకా నా వేలు వదల్లేదు, బంగారుతల్లి.

4. నా చేతికర్ర మీద పక్క మందుల షాపాయన ఎప్పట్నుంచో కన్నేశాడు. కానీ ఆయన ఈ వీలునామాకు సాక్షి. సాక్షి సంతకం పెట్టినవాళ్లకు ఇందులో ఏం రాసినా చెల్లదట. పాపం, ఆయన ఒప్పుకున్నాకే ప్లీడరు ఈ సంగతి బయటపెట్టాడు. అప్పుడు చూడాలి ఆ మొహం! కర్ర కూడా అల్లుడికే.

5. ఇస్త్రీ షాపు నడిపే నా చెల్లెలికి ఏమీ లేదు. సూది కూడా లేదు. ఎందుకో లోకానికి తెలియాలి.

జంటబండల కొండంటే చిన్నప్పట్నుంచీ మా ఇద్దరికీ ప్రాణం. పోయినేడు ముసురు పట్టిన రోజున, తిరిగొచ్చేటప్పుడు దారి తప్పకుండా, మలుపు మలుపుకీ ఎర్ర గుడ్డపేలిక కట్టుకుంటూ నేను ముందు నడిచాను. ఈ మహాతల్లి వెనకే వస్తూ, ఎవరో చెట్లకు చెత్త కట్టారనుకుని, ఒక్కొక్కటీ విప్పి, మడత పెట్టి, సంచిలో వేసుకుంది. మడత పెట్టి మరీ! పైకెళ్లాక, చూడన్నయ్యా ఎంత చెత్త ఏరానో అని గర్వంగా చూపించింది. మేకల కాపరి కనబడేదాకా ముళ్లపొదల్లో తిరిగాం. నీకు బుర్ర లేదన్నాను నేను. వెనక్కి తిరిగి ఒక్క ముక్క చెప్తే నోరు అరిగిపోయేదా అంది తను. అంతే, ఆనాటి నుంచీ మాటల్లేవు. నా చొక్కాలు ముడతలతోనే ఊరేగుతున్నాయి.

6. జంటబండల నడక ఎవరికీ రాయలేదు. అల్లుడు అడిగాడు, కుదరదన్నాను. అది నేను పోయాక ఒకరికి దక్కేది కాదు, ఉండగానే ఇద్దరం నడవాల్సింది. చెల్లెలు వెంట లేకుండా నాకు ఏ కొండా ఎక్కబుద్ధి కావడం లేదు. చెప్పేశాను, చాలా?

ఈ వీలునామాకు రెండో సాక్షి కావాలి. ఆ సంతకం లేకపోతే పైన రాసిందంతా చిత్తుకాగితం. అల్లుడికి కర్ర రాదు, పిల్లకు పన్ను రాదు. ఆ రెండో సాక్షి నా చెల్లెలే కావాలి. దానికి సూది కూడా రాయనిది అందుకే.

ఈ పొద్దున ఇస్త్రీ షాపు తలుపు దగ్గర్నుంచి నా షాపు గుమ్మం దాకా మలుపు మలుపుకీ ఎర్ర పేలికలు కట్టాను. ఈసారి హాయిగా ఏరుకుంటూనే రావే తల్లీ. వెనక్కి వెళ్లేటప్పుడు నేను తోడొస్తాను.

తేదీ: ముసురు విడిచిన ఆదివారం

(సంతకం) కొండ టైలరు

సాక్షులు:

1. మందుల షాపాయన. కర్ర సంగతి ముందే చెప్పి ఉండాల్సింది.

2. ఇస్త్రీ షాపు చెల్లెలు. పేలికలన్నీ మడత పెట్టి తెచ్చాను. ఒకటి ఊడిపోయి మురిక్కాలవలో పడింది, ముడి వెయ్యడం ఎప్పుడు నేర్చుకుంటావు అన్నయ్యా? ముందు ఆ చొక్కా విప్పి ఇటివ్వు.