చెయ్యి ఎంత లేస్తే అంతే

ఏమండీ, మాత్రలు కిటికీ దగ్గర పెట్టాను, తిన్నాకే వేసుకోండి.

బైకు యాక్సిడెంటు కేసు గురించి ఇన్సూరెన్సు డాక్టరు పదకొండింటికి మీ భుజం చూడ్డానికి ఇంటికొస్తాడు. చెయ్యి ఎత్తమంటే ఎంత లేస్తే అంతే ఎత్తండి. పళ్లు బిగించి పైకి లేపకండి.

మొన్న కోర్టులో వాళ్ల లాయరు మర్యాదకి ‘ఎలా ఉన్నారు?’ అంటే, మీరు నవ్వుతూ ‘బాగానే ఉన్నానండి’ అనేశారు. వాళ్లు అదే రాసుకున్నారు. మన లాయరు తల పట్టుకున్నాడు. చిత్రిక పట్టలేని వడ్రంగి బాగానే ఉన్నట్టా? పరువు కాసేపు పక్కన పెట్టి, డాక్టరుకి నిజం చెప్పండి.

ఇంకోమాట. స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని మూలిగితే నాకు వినపడదనుకుంటున్నారు. ఆరు నెలలుగా వింటూనే ఉన్నాను. ఇకమీద కుళాయి కట్టేసే మూలగండి.