తిరిగివచ్చే గాలి

ఏ.ఎస్. రావు నగర్, సికింద్రాబాద్
3 మార్చి 2006

పెద్దమ్మకు సూర్య నమస్కారాలు (ఆసనాలు కావు, నావే).

ఈ రోజు పొద్దున నేను పుస్తకం తెరిచేసరికి నా గది తలుపు దానంతట అదే ధడాలున మూసుకుంది. కిటికీలన్నీ వేసే ఉన్నాయి. బయట ఆకు కూడా కదలడం లేదు.

బాబాయి ఈ కొత్త ఇంటికి వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఆఫీసులోలాగే ఇల్లంతటికీ కలిపి ఒకటే ఏసీ పెట్టించాడు. పైకప్పులో గొట్టాలు. వాటిలోంచి ప్రతి గదిలోకీ చల్లగాలి దిగుతుంది. హాల్లో సోఫా వెనక గోడకు మాత్రం తలుపంత జాలీ ఒకటుంది. ఇంట్లో తిరిగిన గాలినంతా అదే వెనక్కి లాక్కుంటుంది. దాన్ని ‘రిటర్న్ ఎయిర్’ అంటారట. తెలుగు బి.ఏ. చదువుతూ ఆ మాట అలాగే రాయడానికి నాకు మనసొప్పలేదు. నిఘంటువులన్నీ తిరగేసి చివరికి నేనే పేరు పెట్టాను: తిరిగివచ్చే గాలి. బాగుంది కదూ?

కాబట్టి ఇప్పుడు మా ఇంట్లో తిరిగివచ్చే గాలి ఉంది. గోడలో ఉంటుంది. పక్కన నిలబడితే చున్నీ కొస పట్టుకుని లాగుతుంది.

ఇట్లు,
నీ సూర్య

తా.క.: పిన్ని తన గదిలో కూడా ఒకటి కావాలని బాబాయితో పేచీ పెట్టుకుంది. నాకూ కావాలని అడిగాను.

*

విజయనగరం
8 మార్చి

ఒలే సూర్యా,

ఆశీస్సులు తర్వాత. ముందిది చెప్పు. ఆ గాలి ఎవరిది?

ఏసీ అంటే నాకు తెలీదనుకోకు. మా ఊరి బ్యాంకులో ఉంది. అది చల్లగా ఊదుతాది గానీ ఆడపిల్లల చున్నీలు లాగదు. పోయినోళ్ళు పోయినట్టుండక తిరిగొచ్చి గోడలో కూకుంటే, దాన్ని ఇంగ్లీషులో ఏటన్నా తెలుగులో గాలే. ఆ స్థలంలో ఇదివరకు ఏటుండేదో మీ బాబాయి కనుక్కున్నాడా? రమణబాబు కంప్యూటర్లే చూస్తాడు గానీ నేల చూడడు. గుమ్మానికి నిమ్మకాయలు కట్టండి. దాని ముందు జుట్టు విరబోసుకు నిలబడకు.

నిన్ను పెంచినదాన్ని నేను. చదువుకుంటావని పంపించాను గానీ గాలికి వదిలీడానికి కాదు. ఇంకొక్కసారి ఆ తలుపు కొట్టుకుందని రాసేవంటే, టీసీ తీసుకుని వచ్చీ. నా పక్కనే కూర్చుని మిషను కుట్టుకుందువు గాని.

దీవెనలతో,
అప్పలలక్ష్మి

తా.క.: కుమారికి తన గదిలో కూడా ఒకటి కావాలా? నా చెల్లెలు చిన్నప్పట్నుంచీ అంతే. ఎదుటోళ్ళకేటున్నా దానికీ కావాలి.

*

ఏ.ఎస్. రావు నగర్
13 మార్చి

పెద్దమ్మా,

దయచేసి టీసీ మాట ఎత్తకు. వచ్చే నెల పరీక్షలు. ఈ చదువు మధ్యలో ఆగిపోతే నేను బతకలేను.

నువ్వు కంగారు పడాల్సిందేమీ లేదు. నిన్న మల్కాజ్‌గిరి నుంచి బ్రహ్మచారి గారు వచ్చారు. ఈ పనిలో బాగా పేరున్న మనిషి. నా గది గుమ్మంలో నిలబడి చేయి గాల్లో ఆడించి చూసి, “ఏందమ్మా గిట్లున్నది? లోపటికి గాలి వస్తుంది గని పోతలేదు. ఎటు పోవాల్నో తెల్వక పరేషానై తలుపును కొడ్తుంది. దానికో తొవ్వ సూపెట్టాలె” అన్నారు. ఎంత కవిత్వం! తలుపు వేస్తే నా గదిలో గాలికి హాల్లో జాలీ దాకా వెళ్ళే దారి ఉండదు కదా, అదీ సంగతి. నా గదిలోనూ ఒక జాలీ పెడితే శాంతిస్తుందట.

ఒక్కటి మాత్రం ఆయనకు చెప్పలేదు. మధ్యాహ్నాలు ఇంట్లో ఎవరూ లేనప్పుడు హాల్లో జాలీ లోపల ఎవరో మాట్లాడుతున్నట్టుంటుంది. మాటలు తెలియవు. యాస మాత్రం మనదే.

ఇట్లు,
సూర్య

తా.క.: వెళ్ళేముందు బ్రహ్మచారి గారు జాలీలో తల పెట్టి, “ఉన్నవా? ఉన్నవా?” అని అరిచారు. డాబా మీద ఉన్న తన తమ్ముడి కోసమట. తమ్ముడు అప్పటికే వీధి చివర టీ తాగుతున్నాడు. అయినా లోపలి నుంచి “ఆఁ” అని వినిపించింది.

*

విజయనగరం
17 మార్చి

సూర్యా,

ఇంక ఉత్తరాలు చాలు. ఇరవై ఒకటిన రాత్రి రైలెక్కుతున్నాను. పెట్టె సర్దీ. నీ టీసీ నేనే దగ్గరుండి తీయిస్తాను.

బ్రహ్మచారి గారు సామాన్యులు కారు. దారి చూపిస్తానన్నారంటే ఎంత పెద్ద మనసు! మా వీధిలో సన్యాసిరాజు వేపమండలతో బాదడమే గానీ దారీ తెన్నూ చూపించడు. ఆయనకు పంచె, కండువా పెట్టి కాళ్ళకు దణ్ణం పెట్టమని కుమారికి చెప్పు. నా మాటగా చెప్పు.

దీవెనలతో,
అప్పలలక్ష్మి

తా.క.: పెళ్ళి చేసుకోలేదు కాబోలు, పాపం వంటెవరు చేసి పెడతారు? ఆయనకని అరిసెలు తెస్తున్నాను.

*

ఏ.ఎస్. రావు నగర్
21 మార్చి

పెద్దమ్మా,

ఈ ఉత్తరం పోస్టు చేయడం లేదు. రేపు నీ చేతికే ఇస్తాను. ఇంట్లో నోటితో చెప్పే సంగతి కాదు. వింటుంది.

నీ ఉత్తరం చదివాక గానీ గాలికి ఉన్న రెండో అర్థం నాకు తట్టలేదు. పేరుకు తెలుగు బి.ఏ.! బ్రహ్మచారి గారు ఏసీ మెకానిక్కు. పిన్ని పంచె, కండువా పెట్టి వంగి దణ్ణం పెడితే ఆయన రెండడుగులు వెనక్కి వేసి, “ఏందక్కా, జాలి బిగిస్తే గింత మర్యాదనా? నా పెండ్లిల సుత గిట్ల పెట్టలే” అన్నారు. నవ్వలేక చచ్చాను. ఇదంతా ఫోన్లో చెప్పి, నువ్వు రానక్కర్లేదని బతిమాలుకుందామనుకున్నాను.

ఈ రోజు పొద్దున ఆయన నా మంచం పక్క గోడకు జాలీ బిగించారు. “గోడ రేపు తొలుస్త, గొట్టం సుత రేపే. ఇయ్యాల ఉత్త జాలి. దానెన్క ఏం లేదు” అని చెప్పి వెళ్ళారు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఏసీ ఆగింది. బల్ల మీది కాగితం మెల్లగా లేచి వెళ్ళి ఆ జాలీకి అతుక్కుంది. సందులోంచి వేలు పెట్టి చూశాను. గోడే ఉంది. చల్లగా ఉంది. అప్పుడు ఆ గోడలోంచి నీ గొంతు స్పష్టంగా అంది: “వచ్చీసినానే, సూర్యా.”

ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తి మీ పక్కింటికి ఫోన్ చేశాను. నువ్వింకా ఇంట్లోనే ఉన్నావట, అరిసెలు డబ్బాకెత్తుతున్నావట. అంటే గోడలో పలికింది నువ్వు కావు.

నేను టీసీ తీసుకోను. పరీక్షలు రాస్తాను. కానీ ఆ గదిలో కాదు. చిలకలగూడలో అమ్మాయిల హాస్టల్లో ఒక మంచం ఖాళీగా ఉందట. అక్కడున్నవి సీలింగు ఫ్యాన్లే. వాటి గాలి వస్తుంది, పోతుంది, తిరిగి రాదు. నువ్వు చెప్పినట్టే పెట్టె సర్దాను. రేపు పొద్దున పెట్టెతో స్టేషన్లో ఉంటాను. గోడ తొలవొద్దని బ్రహ్మచారి గారికి అక్కడి నుంచే ఫోన్ చేద్దాం. నువ్వే మాట్లాడు. ఆ తర్వాత ఇద్దరం అటునుంచటే హాస్టల్‌కు నడుద్దాం.

ఇట్లు,
నీ సూర్య

తా.క.: రేపు రైలు దిగగానే “వచ్చీసినానే” అని మాత్రం అనకు. “కాఫీ ఏదే?” అను.